పియానో, పరిశోధన రెండూ కావాలంటే

ప్రశ్న: మాది విజయనగరం. మా అమ్మాయి ఇంటర్ ఎంపీసీ మొదటి ఏడాది. లండన్‌లోని ఏబీఆర్‌ఎస్‌ఎం సంస్థ పెట్టే సంగీత పరీక్షల్లో పియానో ప్రాక్టికల్ అయిదో గ్రేడు పాసైంది. ఇంట్లో ఉన్నది 61 మీటల కీబోర్డు. పియానో కళాకారిణి కావాలని, సంగీతంలో పీహెచ్‌డీ కూడా చేయాలని అంటోంది. ఎంపీసీ మాన్పించాలా? రెండు పడవల మీద కాళ్లు పెట్టినట్టు అవుతుందా? (ఒక తల్లి)

జవాబు: ఇవి రెండు పడవలు కావమ్మా. అమెరికా పియానిస్టు చార్లెస్ రోజెన్ 1951లో ప్రిన్స్‌టన్ నుంచి ఫ్రెంచి సాహిత్యంలో పీహెచ్‌డీ పొందారు. జీవితమంతా కచేరీలు చేస్తూనే సంగీతం మీద గొప్ప విమర్శ రాశారు. యూరప్ స్వరకర్త మోజార్ట్ అసంపూర్తిగా వదిలిన రచనలను పూరించిన పియానిస్టు రాబర్ట్ లెవిన్ హార్వర్డ్‌లో ఆచార్యుడిగా ఉంటూనే వేదికలెక్కారు. కాకపోతే ఏది ముందన్నది తెలియాలి. చేతికి పట్టు కుదిరే వయసు ఇదే. పరిశోధన ముప్పై ఏళ్లకు మొదలుపెట్టినా ఆలస్యం కాదు. అందుకని వచ్చే ఏడెనిమిదేళ్లు పెద్దపీట వాద్యానికే.

అన్నిటికన్నా ముందు వాద్యం మార్చండి. కీబోర్డు మీటలు తేలికపాటి స్ప్రింగులతో లేస్తాయి. పియానోలో మీట నొక్కితే సుత్తి లేచి తీగను కొడుతుంది, వేలి బరువును బట్టి నాదం మారుతుంది. ఈ తేడా చేతికి తెలియకుండా ఆరో గ్రేడు దాటితే, ఆడిషన్ (సీటు కోసం వాయించి చూపే పరీక్ష) గదిలో అసలు పియానో ముందు కూర్చోగానే చేతులు తేలిపోతాయి. ఇప్పటికి 88 మీటలు, సుత్తి బరువు ఉన్న డిజిటల్ పియానో, సగం నొక్కినా పలికే పెడల్, కదలని స్టాండు చాలు. తీగల పియానో కొనాలని ఉంటే ఒకటికి రెండుసార్లు ఆలోచించండి. అందులో రెండు వందలకు పైగా తీగలుంటాయి. గదిలో తేమ 40 నుంచి 60 శాతం మధ్య ఉండాలి. మన తీరప్రాంతపు గాలికి చెక్క ఉబ్బి మీటలు పట్టేస్తాయి, బిరడాలు తుప్పు పడతాయి. ఏడాదికి రెండుసార్లు శ్రుతి చేయించాలి. చేసేవారిని బయటి ఊరి నుంచి రప్పించాల్సివస్తే ఆ ఖర్చు కూడా కలిపి లెక్క వేసుకోండి.

ఎంపీసీ మాన్పించక్కర్లేదు. హాస్టల్లో మాత్రం పెట్టకండి, పొద్దున్నుంచి రాత్రిదాకా స్టడీ అవర్లయితే సాధన సున్నా. రోజుకు రెండు గంటలు, అరగంట చొప్పున విడగొట్టి వాయించాలి. మణికట్టు దగ్గర నొప్పి మొదలైతే ఆ రోజుకు ఆపేయాలి. పంటి బిగువున వాయిస్తే స్నాయువులు వాచి నెలల తరబడి చెయ్యి పడుకుంటుంది.

చాలామంది తల్లిదండ్రులు చిక్కుకునేది ఇంకో చోట. ఏబీఆర్‌ఎస్‌ఎంలో ఆరో గ్రేడుకు కట్టాలంటే అయిదో గ్రేడు థియరీ గానీ, దానికి బదులు ఆ సంస్థ ఒప్పుకునే పరీక్ష గానీ వేరే పాసవ్వాలి. మీ అమ్మాయి పాసైంది ప్రాక్టికలే కాబట్టి ఈ వేసవిలో థియరీ ముగించండి. ఇంటి నుంచి వీడియో పంపే పర్‌ఫార్మెన్స్ గ్రేడు కూడా ఉంది. నాలుగు రచనలు మధ్యలో ఆపకుండా ఒకే రికార్డింగులో వాయించాలి. 150కి 100 వస్తే పాస్, 120 మెరిట్, 130 డిస్టింక్షన్.

గ్రేడుల్లో చివరిదైన ఎనిమిదో గ్రేడుతో ప్రయాణం పూర్తికాదు, అది ఆడిషన్‌కు పునాది. విదేశీ సంగీత కళాశాలల్లో సీటు ప్రధానంగా ఆడిషన్‌తోనే తేలుతుంది. సాధారణంగా బాఖ్ రాసిన ప్రెలూడ్ (ముందు వచ్చే చిన్న రచన), ఫ్యూగ్ (ఒకే వరసను గొంతులు ఒకదాని వెంట ఒకటి అందుకునే రచన) ఒక జత, హైడన్, మోజార్ట్, బీతోవెన్‌లలో ఒకరి సొనాటా (కొన్ని భాగాలుగా సాగే పెద్ద రచన), ఒక ఎట్యూడ్ (వేళ్ల నైపుణ్యం కోసం రాసిన రచన), పందొమ్మిదో శతాబ్దపు రొమాంటిక్ శైలి రచన ఒకటి, ఒక ఇరవయ్యో శతాబ్దపు రచన అడుగుతారు. చాలాచోట్ల నోట్స్ (స్వరాలు రాసిన కాగితం) చూడకుండా వాయించాలి. ఇవి చేతిలో పండటానికి రెండేళ్లు పడుతుంది. మన దేశంలోనే మొదలుపెట్టాలంటే చెన్నైలో 2008లో ఏ.ఆర్. రెహమాన్ స్థాపించిన కేఎం మ్యూజిక్ కన్సర్వేటరీ ఉంది. ఆ తర్వాత అమెరికాలో డీఎంఏ (డాక్టర్ ఆఫ్ మ్యూజికల్ ఆర్ట్స్) అనే డాక్టరేట్ మీ అమ్మాయి కోరికకు సరిగ్గా సరిపోతుంది. అందులో కచేరీలూ ఉంటాయి, పరిశోధన వ్యాసమూ ఉంటుంది. పీహెచ్‌డీ అయితే రాతే ప్రధానం. జర్మన్, ఫ్రెంచి చదివి అర్థం చేసుకోగలగాలని చాలా విశ్వవిద్యాలయాలు అడుగుతాయి, కాబట్టి జర్మన్ ఇప్పుడే మొదలుపెడితే మంచిది.

పండితురాలి చూపు వాయిస్తుండగానే అలవడాలి. బీతోవెన్ తొలి సొనాటాల్లో పైపైకి పోతున్న స్వరాల వరస కొన్నిచోట్ల ఉన్నట్టుండి కిందికి దిగుతుంది. ఆనాటి పియానోకు అయిదు స్థాయిలే, ఆపైన మీట లేదు! మరి ఈనాటి పియానోలో మీట ఉంది కదా, పైకి పోవాలా, ఆయన రాసినట్టే దిగాలా? ఈ ప్రశ్నకు పుస్తకమూ కావాలి, చెయ్యీ కావాలి. నేర్చుకునే ప్రతి రచననూ రెండు ముద్రణల్లో పక్కపక్కన పెట్టి చూడమనండి. ఒకటి జర్మనీ ప్రచురణ సంస్థ హెన్లే తెచ్చేలాంటి, స్వరకర్త రాతకే కట్టుబడిన మూలపాఠ ముద్రణ అయితే మేలు. బాఖ్ రాయని బిగ్గర, మెల్లన గుర్తులు పాత ముద్రణల్లో ఎన్ని చేరాయో తనకే తెలుస్తుంది. తేడాలు ఒక నోటుబుక్కులో రాసుకుంటే పరిశోధన మొదలైనట్టే.

మీ ఊరిని చిన్నచూపు చూడకండి. 1919లో మొదలైన మహారాజా సంగీత కళాశాలకు ఆదిభట్ల నారాయణదాసు తొలి ప్రిన్సిపాల్. పడమటి వాద్యమైన వయొలిన్‌ను మనదిగా పలికించిన ద్వారం వెంకటస్వామినాయుడు అక్కడే నేర్పారు. 1904లో అచ్చయిన సుబ్బరామ దీక్షితుల ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’ తెలుగు లిపిలోనే ఉంది, గమకాలకు గుర్తులతో సహా. ఆ గుర్తులను యూరప్ అలంకార గుర్తులతో పోల్చి చూడటం మంచి పరిశోధనాంశం. పాశ్చాత్య బాణీలకు ముత్తుస్వామి దీక్షితులు సంస్కృతంలో మాటలు కట్టిన నొట్టుస్వరాలు ఇంకొకటి. తెలుగు చదవగల పియానిస్టుకు ఇవి సొంత ఆస్తి. ఆ కళాశాలలో కర్ణాటక గాత్రమో వయొలినో సర్టిఫికెట్ కోర్సు చేయించండి. కళాశాల అధ్యాపకులకు అర్హత పరీక్ష అయిన యూజీసీ నెట్‌లో సంగీతం పేపరు హిందుస్తానీ, కర్ణాటక, రవీంద్ర సంగీతం, తాళవాద్యాల చుట్టూ తిరుగుతుంది. కేవలం పాశ్చాత్య సంగీతమే తెలిస్తే ఇక్కడ అధ్యాపక ఉద్యోగం కష్టం.

డబ్బు సంగతీ చెప్పాలి. మన దేశంలో కచేరీలతోనే ఇల్లు గడవడం అరుదు. పిల్లలకు నేర్పడం, అంతర్జాతీయ పాఠశాలల్లో ఉద్యోగం, గాయకులకు, వయొలిన్ వాళ్లకు పక్కవాద్యం, వీటితో నిలదొక్కుకుంటారు. ఇంటర్ రెండో ఏడాది చివరికి ఏడో గ్రేడు మెరిట్‌తో దాటి, ఒక పూర్తి సొనాటా నోట్స్ చూడకుండా వాయించగలిగితే ఆడిషన్ల దారి పట్టించండి. లేకపోతే దగ్గర్లోనే డిగ్రీలో చేర్చి, సాధన ఆపకుండా ఇంకో మూడేళ్లు వ్యవధి ఇవ్వండి.