ఫ్లోరెన్స్ నుంచి కియాంతి, కారు లేకుండానే

ఫ్లోరెన్స్‌లో ఉంటూ ఒక్క రోజు వైన్ తోటలు చూడాలి, కారు తీసుకోవాలా, మా ఆవిడ శాకాహారి, తిండి ఎలా అని అడిగారు కదా. కారు వద్దే వద్దండీ. ఇటలీలో రక్తంలో ఆల్కహాల్ లీటరుకి 0.5 గ్రాములు దాటి బండి నడిపితే చట్టవిరుద్ధం, పైగా ఫ్లోరెన్స్ పాత ఊళ్లోకి అనుమతి లేని కార్లు వెళ్తే కెమెరా పట్టేసి జరిమానా పంపుతుంది. ఫ్లోరెన్స్‌లోని సాంతా మారియా నొవెల్లా స్టేషన్ దగ్గర, కియాంతి అనే వైన్ తోటల ప్రాంతంలో ఉన్న గ్రేవె ఊరికి వెళ్లే బస్సెక్కండి, గంట ప్రయాణం. ఆదివారం బస్సులు బాగా తక్కువ కాబట్టి శనివారం వెళ్లండి, ఆ రోజు ఉదయం ఊరి మధ్య చౌకులో సంత కూడా ఉంటుంది.

సీసా మెడ మీద నల్ల కోడిపుంజు ముద్ర ఉంటే అది కియాంతి క్లాసికో అనే రెడ్ వైన్, అందులో కనీసం 80 శాతం సాంజొవేసె ద్రాక్షే ఉండాలి. పుల్లగా, కాస్త వగరుగా ఉంటుంది, ఉత్తినే తాగితే గొంతుకి పట్టేస్తుంది, తింటూ తాగితేనే దాని రుచి తెలుస్తుంది.

మీ ఆవిడకి పాప్పా అల్ పొమొదోరొ చెప్పండి. పాత రొట్టె, టమాటా, వెల్లుల్లి, తులసి జాతి ఆకు కలిపి మెత్తగా ఉడికించి పైన పచ్చి ఆలివ్ నూనె పోస్తారు, భలే ఉంటుంది. మాంసం ఉడికించిన నీళ్లు పోశారా అని మాత్రం ముందే అడగండి. అక్కడి రొట్టెలో ఉప్పుండదు, కంగారు పడొద్దు. పెకొరీనొ అనే గొర్రెపాల చీజ్‌లో పాలు గడ్డకట్టడానికి ఎక్కువగా దూడ లేదా గొర్రెపిల్ల పొట్టలోంచి తీసిన రెన్నెట్ వాడతారు, పట్టింపు ఉంటే మానేయండి.

తోటలో వైన్ రుచి చూసే టేస్టింగ్ ముందే బుక్ చేసుకోండి, తిరుగు బస్సు టైము చూసుకున్నాకే.