టెక్ సందేహాలు: మీట నొక్కిన కాసేపటికి శబ్దం.. తప్పు నా వేళ్లదేనా?

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో సంగీతానివే ఎక్కువ. అందుకే ఫోన్ స్టోరేజీ గొడవలు వచ్చే వారానికి వాయిదా.

ప్రశ్న: రెండు నెలలుగా కీబోర్డు సొంతంగా నేర్చుకుంటున్నాను. దాన్ని కేబుల్‌తో ఫోన్‌కి కలిపి, పియానో యాప్ శబ్దాన్ని బ్లూటూత్ ఇయర్‌బడ్స్‌లో వింటాను. మీట నొక్కాక శబ్దం కాస్త ఆలస్యంగా వస్తోంది. తాళం కుదరడం లేదు. నాకు లయజ్ఞానం లేదనుకోవాలా? (కాకినాడ పాఠకురాలు)

అప్పుడే అనుకోవద్దు. ముందు ఆ ఇయర్‌బడ్స్ తీసి పక్కన పెట్టండి. ఫోన్ శబ్దాన్ని కుదించి పంపాలి, ఇయర్‌బడ్ దాన్ని మళ్లీ విప్పుకోవాలి. మామూలు బ్లూటూత్‌లో ఈ తతంగానికి 0.2 సెకను దాకా పట్టడం మామూలే. ఆ కాస్త సమయంలో శబ్దం గాలిలో దాదాపు 70 మీటర్లు వెళ్లిపోతుంది. అంటే కీబోర్డు మీ ఒళ్లో ఉన్నా, మీరు దాన్ని వీధి చివర నుంచి వింటున్నట్టు లెక్క. ఊరేగింపు దూరంగా ఉన్నప్పుడు డప్పు మీద కర్ర పడటం ముందు కనబడి, మోత తర్వాత వినబడుతుంది చూడండి, అదే ఇది. సినిమా చూసేటప్పుడు మనకు తెలియకపోవడానికి కారణం, ప్లేయర్ బొమ్మను కూడా అంతే ఆలస్యం చేసి చూపించడం. మీ వేలిని అలా ఆపే యాప్ ఏదీ లేదు మరి!

నేనూ ఒకప్పుడు వారం పాటు నా కుడిచేతిని తిట్టుకున్నవాణ్నే. వైరున్న ఇయర్‌ఫోన్ పెట్టగానే చెయ్యి బాగుపడింది. దాన్ని ఫోన్‌కి కాకుండా నేరుగా కీబోర్డు హెడ్‌ఫోన్ రంధ్రంలో పెట్టి, కీబోర్డు సొంత శబ్దమే వింటే ఇంకా మంచిది. ఫోన్ పాఠం చూపిస్తే చాలు. కొన్ని కీబోర్డులకు ఆ రంధ్రం లావుగా, 6.35 మిల్లీమీటర్లు ఉంటుంది. దానికి తగిన అడాప్టర్ ఎలక్ట్రానిక్స్ షాపులో దొరుకుతుంది. ఇయర్‌బడ్స్‌లో ‘గేమ్ మోడ్’ ఉంటే ఆలస్యం తగ్గుతుంది గానీ, రెండో కాలం (రెట్టింపు వేగం) ఎత్తుకోగానే మళ్లీ దొరికిపోతుంది.

ప్రశ్న: వయొలిన్ శ్రుతి చేసుకోవడానికి ట్యూనర్ యాప్ వేసుకున్నాను. నేను నేర్చుకునేది కర్ణాటక సంగీతం, అయిదు కట్టె శ్రుతి. సన్నతీగలు రెండూ ఎంత సరిచేసినా యాప్ ఎరుపే చూపిస్తోంది. (వరంగల్)

తీగలు సరిగ్గానే ఉండి ఉంటాయి. యాప్‌లో ‘వయొలిన్’ అని ఎంచుకుంటే అది పాశ్చాత్య పద్ధతి అనుకుంటుంది. లావు తీగ నుంచి జి, డి, ఎ, ఇ కావాలని పట్టుబడుతుంది. మనది స, ప, స, ప. అయిదు కట్టె అంటే జి కాబట్టి మీ తీగలు జి, డి, జి, డి. లావు తీగలు రెంటికీ పేచీ లేదు, గొడవంతా సన్నవాటి దగ్గరే. సెట్టింగ్స్‌లో ‘క్రోమాటిక్’ ఎంచుకోండి. అప్పుడు అది ఏ స్వరం మోగితే ఆ పేరు చెప్పి ఊరుకుంటుంది. వేరే శ్రుతి అయినా లెక్క తేలికే: హార్మోనియం తెల్లమీటలు సి నుంచి ఒకటి, రెండు, మూడు. నల్లమీటలు అరలు. మూడుకీ నాలుగుకీ మధ్య నల్లమీట లేదు కాబట్టి మూడున్నర కట్టె ఉండదు.

శ్రుతి చేయడం అయ్యాక యాప్ కట్టేయండి. దాని ముందు తోడి రాగంలో ఊగుతూ పలికే గాంధారం (గ) వాయించి చూశాను. ముల్లు అటూ ఇటూ కొట్టుకుంది తప్ప ఎక్కడా నిలవలేదు. నిలిస్తే అది తోడి కాదు కదా! సాధనకు తంబురా యాప్ పెట్టుకుని చెవినే నమ్ముకోండి.

ప్రశ్న: వేణువు సొంతంగానే సాధన చేస్తాను. నెలకోసారి ఊళ్లో ఉన్న గురువుగారికి జూమ్‌లో వినిపిస్తాను. తంబురా అసలు వినబడటం లేదని, నా వేణువు కూడా మధ్యలో తెగిపోతోందని అంటున్నారు. నెట్ బాగానే ఉంది. (డల్లాస్)

మాట తప్ప మిగతాదంతా రొద అనుకునేలా తయారు చేశారు ఈ వీడియో కాల్ యాప్‌లను. మార్పు లేకుండా ఒకేలా మోగేది ఫ్యానో, ఏసీయో అని తుడిచేస్తాయి. తంబురా చేసే పనే ఒకేలా మోగడం! మీరు షడ్జం (స) మీద ఎక్కువసేపు నిలిచినా అదే గతి. జూమ్ ఆడియో సెట్టింగ్స్‌లో ‘ఒరిజినల్ సౌండ్ ఫర్ మ్యుజీషియన్స్’ ఆన్ చేయండి. కాల్ మొదలయ్యాక తెర మీద కూడా అది ఆన్‌లో ఉందో లేదో చూసుకోండి. గూగుల్ మీట్‌లో అయితే నాయిస్ క్యాన్సిలేషన్ ఆపేయాలి. మీరు ఇయర్‌ఫోన్ పెట్టుకుంటే గురువుగారి మాట ఆయనకే తిరిగి వినబడే బాధ ఉండదు. ఇద్దరూ కలిసి వాయించాలని మాత్రం చూడకండి. ఎంత మంచి నెట్ అయినా మొదటి ప్రశ్నలోని ఆలస్యమే ఇక్కడా అడ్డుపడుతుంది.

ప్రశ్న: యూట్యూబ్‌లో వీణ పాఠం వేగం తగ్గిస్తే శ్రుతి కూడా దిగిపోతుందా? (తెనాలి)

దిగదు. బ్యాటరీ అయిపోయిన టేప్ రికార్డర్ రోజులు పోయాయి. గేరు గుర్తు నొక్కి, ప్లేబ్యాక్ స్పీడ్ 0.75 పెట్టండి. 0.5కి దిగితే మీటు స్పష్టత చెడుతుంది. సాధన అయ్యాక మళ్లీ ‘నార్మల్’ చేసుకోండి. లేకపోతే ఆ తర్వాత పెట్టే వార్తలు కూడా విళంబ కాలంలోనే నడుస్తాయి.