అన్నం ఒక్కసారిగా మానేయాలా, మెల్లగానా?

అన్నం, టిఫిన్లు, బేకరీ తిండి తగ్గించి కూరగాయలు, గుడ్లు, చికెన్ మీదికి మారాలని ఉంది, అన్నం ఒక్కసారిగా మానేయాలా, మెల్లగానా అని ఒకరు అడిగారు. నేను రెండు రకాలుగానూ చేశాను. మొదటిది నాలుగు రోజులే నడిచింది.

సోమవారం నుంచి అన్నం బంద్ అన్నాను. మూడో రోజుకి తల పగిలిపోయే నొప్పి, మెట్లెక్కితే కళ్లు తిరగడం. నాలుగో రాత్రి పదకొండింటికి లైటు కూడా వేయకుండా గిన్నెలోంచే పెరుగన్నం తినేశాను. పొద్దున ఖాళీ గిన్నె చూసి అమ్మ ఏమీ అనలేదు, నవ్వింది. పిండిపదార్థాలు ఒక్కసారిగా తగ్గితే ఒంట్లోంచి నీరు, దాంతోపాటు ఉప్పు పోతాయట. మొదటి వారం తగ్గే బరువులో చాలా భాగం ఆ నీరే. తర్వాతిసారి ఉప్పేసిన పల్చటి మజ్జిగ తాగాను, తలనొప్పి రాలేదు. బీపీ ఉంటే మాత్రం ఉప్పు సంగతి డాక్టర్‌ని అడగండి.

రెండోసారి ముందు మానింది చాయ్, ఉస్మానియా బిస్కెట్లు. అన్నం కన్నా ఇదే కష్టం. ఇరానీ చాయ్‌లో చక్కెర ముందే కలిపేస్తారు, వద్దనే వీల్లేదు. రెండు వారాలయ్యాక రాత్రి అన్నం ఆపాను. మధ్యాహ్నం మూడు గరిటెలు ఒకటిన్నరకి దించాను.

అసలు చిక్కు కూర దగ్గర వచ్చింది. మన కూరలు అన్నంలో కలుపుకోవడానికి వండేవి. ఉత్తగా తింటే రెండో ముద్దకే నోరు మండుతుంది. ఇప్పుడు బీరకాయ, సొరకాయ సగం ఉప్పు, సగం కారంతో వండి, దించేముందు పచ్చికొబ్బరి వేస్తున్నాం. గిన్నెడు తినగలను. దాంతో రెండు ఉడికించిన గుడ్లు.

జొన్నరొట్టెకి మారితే చాలనుకున్నాను ఒకప్పుడు. మన హైదరాబాద్ తార్నాకలోని ఎన్‌ఐఎన్ (జాతీయ పోషకాహార సంస్థ) పట్టికల ప్రకారం 100 గ్రాముల బియ్యంలో సుమారు 78 గ్రాముల పిండిపదార్థాలుంటే, జొన్నల్లో సుమారు 68. పీచు ఎక్కువ, మంచిదే. కానీ మూడు రొట్టెలు లాగిస్తే తగ్గించిందేముంది?

షుగర్‌కి గ్లిమిపిరైడ్ లాంటి మాత్రలో ఇన్సులినో వాడుతుంటే అన్నం తగ్గించకముందే డాక్టర్‌తో మాట్లాడండి, షుగర్ బాగా పడిపోవచ్చు. మా నాన్న డోసు మార్పించుకున్నాకే రాత్రి అన్నం ఆపారు.