మహమ్మారి రాసే ముందు లెక్క రాసుకో: ఒక యువ రచయిత్రికి లేఖ

చిరంజీవికి ఆశీస్సులు.

నువ్వు పంపిన మూడు అధ్యాయాలూ, మిగతా కథకు వేసుకున్న పథకమూ చదివాను. భాష బాగుంది, రాజమాత పాత్ర ఇంకా బాగుంది. జబ్బే కుదరలేదు. రెండో అధ్యాయంలో ఒక బిచ్చగాడు రాజవీధిలో రక్తం కక్కుకుని పడిపోతాడు. మూడో రోజుకల్లా రాజధానిలో సగం జనం పోతారు. నాలుగో రోజు పొద్దున్నే నీ నాయిక లేచి పాలు తాగుతుంది. ఆ పాలు ఎవరు పితికారమ్మా? ఎవరు మోసుకొచ్చారు, ఎవరు కాచారు?

కల్పిత రాజ్యం, కల్పిత రోగం, కాబట్టి ఏదైనా చెల్లుతుందని అనుకోకు. రోగం నీ ఊహే కావచ్చు, దానికి ఒక నడక మాత్రం ఉండాలి. ఆ నడకను ముందు కాగితం మీద తేల్చుకో. సన్నివేశాలు ఆ కాగితంలోంచే వస్తాయి, నువ్వు వెతుక్కోనక్కర్లేదు.

అడుగున ఒక అసలు రోగాన్ని పెట్టుకోవడం మేలు. నీ రాజ్యానికి రేవు ఉంది, ధాన్యం వ్యాపారం ఉంది, కోటగోడ ఉంది. 1347 నుంచి 1351 దాకా యూరప్‌ను ఊడ్చేసిన ప్లేగు నీకు సరిగ్గా సరిపోతుంది. 1347 అక్టోబరులో నల్లసముద్రం వైపు నుంచి వచ్చిన జెనోవా ఓడలతో సిసిలీలోని మెస్సీనా రేవులో దిగింది. మరుసటి ఏడు ఫ్లోరెన్స్, పారిస్, లండన్ చేరింది. మూడో వంతు నుంచి సగం దాకా జనం పోయారని చరిత్రకారుల అంచనా. అంత ఘోరమైన రోగానికే ఖండం చుట్టి రావడానికి నాలుగేళ్లు పట్టింది. నీది మూడు రోజుల్లో పని ముగించేసింది.

ముందు ఒక్క రోగి సంగతి రాసుకో. ఎలుక ఒంటిమీది చిన్న పురుగు మనిషిని కుట్టాక రెండు నుంచి ఆరు రోజులు ఏమీ తెలియదు. ఆ మనిషి సంతకు వెళ్తాడు, పెళ్లికి వెళ్తాడు, ఓడ ఎక్కుతాడు. తర్వాత ఉన్నట్టుండి చలి, ఒళ్లు కాలిపోయే జ్వరం, తలపోటు, వాంతులు. నడక తూలుతుంది, మాట ముద్దగా వస్తుంది, చూసినవాళ్లు తాగాడనుకుంటారు. ఒకటి రెండు రోజుల్లో గజ్జల్లో బిళ్ల కడుతుంది. పురుగు ఎక్కువగా కాళ్ల మీదే కుడుతుంది కాబట్టి గజ్జల్లోనే ఎక్కువ, చేతి మీద కుడితే చంకలో. కోడిగుడ్డంత అవుతుంది. నొప్పికి కాలు ముడవలేడు, చెయ్యి ఒంటికి ఆనించలేడు. వైద్యం లేకపోతే సగానికి పైగా రోగులు అయిదారు రోజుల్లో పోతారు. గడ్డ పగిలి చీము పోయినవాళ్లలో కొందరు బతికి బట్టకడతారు. అదే రోగం ఊపిరితిత్తులకు పాకితే నెత్తురు కళ్లె పడుతుంది, రెండు మూడు రోజుల్లో ముగుస్తుంది, బతికేవాళ్లు దాదాపు ఉండరు. ఇప్పటి ఫ్రాన్స్‌లోని అవిన్యోన్‌లో పోపు వైద్యుడు గీ ద షోలియాక్ ఈ రెండు రూపాలనూ విడదీసి రాశాడు: ఒకటి మూడు రోజుల్లో చంపేది, రెండోది అయిదు రోజుల్లో.

నీ బిచ్చగాడు రక్తం కక్కుకోవాలంటే ఊపిరితిత్తులకు పాకే దారిలోనే పోవాలి. అలాంటప్పుడు అతన్ని ఎత్తి అరుగు మీద పడుకోబెట్టిన ఇద్దరూ ఆ వారంలోనే పడాలి. నువ్వు వాళ్లను మళ్లీ కథలోకే రానివ్వలేదు.

ఇప్పుడు దారి లెక్క. అసలు కథంతా ఇందులోనే ఉంది, కాబట్టి నెమ్మదిగా చదువు. నీ పటంలో రేవు నుంచి రాజధానికి 240 కిలోమీటర్లు అనుకుందాం. ఎద్దుబండి రోజుకు 20 కిలోమీటర్లు నడిస్తే 12 రోజులు. గుర్రం మీద వార్తాహరుడు రోజుకు 60 చొప్పున నాలుగు రోజులు. రోగం ఊళ్లోకి వచ్చాక మొదట ఎలుకల్లో రగులుతుంది. అవి చచ్చాక ఆకలిగొన్న పురుగులు మనుషుల మీదికి ఎక్కుతాయి. ఎలుకల్లో మొదలైన నాటి నుంచి మనుషుల్లో మొదటి చావుల దాకా సుమారు మూడు వారాలు వేసుకో.

ఓడ రేవుకు వచ్చిన రోజును సున్నా అనుకో. ఆ రోజే ధాన్యం బస్తాలతో ఒక బండి రాజధానికి బయల్దేరింది, బస్తాల్లో పురుగులున్నాయి. పన్నెండో రోజున బండి కోటలో దిగింది. ఇరవై ఒకటో రోజున రేవులో మనుషులు చావడం మొదలైంది, అప్పుడు గానీ వార్తాహరుడు గుర్రం ఎక్కలేదు. ఇరవై అయిదో రోజున రాజుకు కబురు అందింది. రాజు తెలివైనవాడు, ఆ రాత్రే కోట తలుపులు మూయించాడు. అప్పటికి రోగం లోపలికి వచ్చి పదమూడు రోజులైంది. ముప్పై మూడో రోజున రాజధానిలో మొదటి శవం.

అంటే కబురుకూ చావుకూ మధ్య ఎనిమిది రోజులు. తలుపులు మూశాం కదా అని సభలో సంబరపడే మంత్రి, ధాన్యపు కొట్టులో పది ఎలుకలు చచ్చి పడున్నాయని ఎవరితోనూ అనని కాపలావాడు, బయట మిగిలిపోయిన రాజబంధువు, అందరూ ఆ ఎనిమిది రోజుల్లోనే ఉన్నారు. నేనైతే నవలలో నాలుగో వంతు వాటికే ఇస్తాను. చచ్చిన ఎలుక మన పాఠకులకు కొత్త కాదు. దక్కనులో ప్లేగు రోజుల్లో ఇంట్లో ఎలుక రాలిందంటే ఊరు ఖాళీ చేసి పొలాల్లో గుడిసెలు వేసుకునేవాళ్లు. నీ పల్లె జనానికి ఆ తెలివి ఉండి, రాజధాని పండితులకు లేకపోతే ఆ తేడాలోంచే ఒక అధ్యాయం పుడుతుంది.

చావుల లెక్కకు వద్దాం. నీ రాజధాని జనాభా 40,000. మూడో వంతు అంటే 13,000 పైచిలుకు. ఆరు నెలల్లో పోయారంటే సగటున రోజుకు డెబ్బై అయిదు దాకా. సగటును నమ్మి రాస్తే చప్పగా ఉంటుంది. మొదటి నెలలో రోజుకు అయిదారు, మూడో నెలలో రెండు మూడు వారాల పాటు రోజుకు 200, ఆ తర్వాత మెల్లగా తగ్గుదల. మామూలు రోజుల్లో ఆ కాలపు ఊరికి రోజుకు నాలుగైదు చావులు. అంటే నాలుగు శవాలు చూసుకునే కాటికాపరులకు ఒక్కసారిగా 200 వచ్చి పడ్డాయి.

నీ రాజ్యంలో దహనం చేస్తారని రాశావు. మంచి పని చేశావు, కానీ దాని ఖర్చు చూడలేదు. ఒక చితికి 400 కిలోల కట్టెలు వేసుకో. 200 చితులకు రోజుకు 80 టన్నులు. బండికి 800 కిలోలు పడితే రోజుకు నూరు బండ్లు. కథలో మణుగులు వాడతావో పుట్లు వాడతావో నీ ఇష్టం, నిష్పత్తి మాత్రం మార్చకు. ఆ నూరు బండ్లు తోలేది ఎవరు? చెట్లు కొట్టేది ఎవరు? కట్టెల ధర పదింతలైతే పేదవాడి శవం ఎక్కడికి పోతుంది? సగం కాలిన శవాలు నదిలోకి, ఆ నది నీళ్లు దిగువ ఊరికి. దిగువ ఊరు పక్క సామంతుడిది. నువ్వు ఎనిమిదో అధ్యాయంలో ఎక్కడి నుంచో ఊడిపడేలా పెట్టాలనుకుంటున్న యుద్ధానికి కారణం ఇక్కడే దొరికింది చూడు.

పూడ్చే ఆచారమైనా శవాలను గుట్టలుగా విసిరేసినట్టు రాయకు. లండన్‌లో ఈస్ట్ స్మిత్‌ఫీల్డ్ అనే చోట 1348-49 నాటి శ్మశానాన్ని 1980ల్లో తవ్వారు. పొడవాటి కందకాలు బయటపడ్డాయి. వాటిలో శవాలు ఒకదానిమీద ఒకటి అయిదు వరసల దాకా ఉన్నాయి. అయినా ఎవరినీ విసిరిపారేయలేదు, వరసగా పడుకోబెట్టారు. కొన్ని పెట్టెల్లో కూడా ఉన్నాయి. అంత చావులోనూ మనుషులు మర్యాద పాటించడానికి చూస్తారు. ఆ మర్యాద ఏ రోజున, ఏ మెట్టు దగ్గర తప్పిపోయిందో చూపిస్తే పాఠకుడికి గుండె ఆగుతుంది. మొదటి వారం పాడె, డప్పు, పిండం. అయిదో వారానికి డప్పు లేదు, పాడె ఇద్దరికి ఒకటి. తొమ్మిదో వారానికి పేరు అడిగేవాడు లేడు. చీము, నెత్తురు వర్ణనలు రెండు పుటలు తీసేసి ఈ మూడు వాక్యాలను కథంతా పరుచు.

కోట తలుపులు ఎన్నాళ్లు మూసి ఉంచగలరు? మనిషికి రోజుకు 600 గ్రాముల ధాన్యం లెక్కన 40,000 మందికి 24 టన్నులు, అంటే 30 బండ్లు. గాదెల్లో నలభై రోజుల తిండి ఉంటే నలభై ఒకటో రోజున తలుపు తెరవాలి. తెరిస్తే వచ్చేది ధాన్యం బండే, ఎలుకకు ఇష్టమైన ఇల్లూ అదే. మధ్యలో కాపలావాళ్లు లంచం పుచ్చుకుని దొడ్డితోవన మనుషులను వదులుతారు. దీనికి మందు కనిపెట్టినవాళ్లు వర్తకులే. రగూసా నగరం, ఇప్పటి డుబ్రోవ్‌నిక్, 1377లో రోగం ఉన్న చోట్ల నుంచి వచ్చేవాళ్లను ముప్పై రోజులు బయట దీవుల్లో ఉంచింది. తర్వాత అది నలభై అయింది. వెనిస్ 1423లో ఒక దీవిలో రోగులకు ప్రత్యేక ఆస్పత్రి పెట్టింది. వ్యాపారం ఆగకుండా రోగాన్ని ఆపాలన్నది వాళ్ల తాపత్రయం. నీ వర్తక సంఘం పెద్దను ఊరికే దుర్మార్గుణ్ణి చేయకుండా ఈ ఆలోచన అతని నోట పెట్టు.

నిందల సంగతి. రోగం వచ్చాక జనం ఎవరినో ఒకరిని పట్టుకుని చంపుతారని రాశావు. అసలు చరిత్ర అంతకన్నా పాడుగా ఉంది. స్ట్రాస్‌బర్గ్‌లో 1349 ఫిబ్రవరి 14న వందల మంది యూదులను కాల్చి చంపారు. అప్పటికి ఆ ఊళ్లోకి ప్లేగు ఇంకా రానేలేదు. బావుల్లో విషం కలిపారన్న పుకారు రోగం కన్నా ముందు నడిచింది. యూదులు కూడా ఇదే రోగంతో చస్తున్నారు కదా అని పోపు ఆరో క్లెమెంట్ 1348లోనే ఆజ్ఞాపత్రం ఇచ్చినా వినేవాళ్లు లేరు. అప్పులు ఇచ్చినవాళ్లు చస్తే అప్పు పత్రాలు కూడా కాలిపోతాయన్న సంగతి నీ సభలో ఎవరికి తడుతుందో ఆలోచించు. నీ కథలో ఆ ఊచకోతను ఇరవై ఎనిమిదో రోజున పెట్టు, మొదటి శవానికి అయిదు రోజుల ముందు.

ప్రభుత్వం ఇళ్లలోకి చొరబడటం వేరే ఘట్టం. దీనికి మన దగ్గరి ఉదాహరణే ఉంది. 1897లో పుణేలో ప్లేగు రోగుల కోసం సైనికులు ఇంటింటికీ వెళ్లి వంటిళ్లూ దేవుడి గదులూ సోదా చేశారు. జనం రోగులను దాచారు. ఆ ఏడు జూన్ 22 రాత్రి ప్లేగు అధికారి రాండ్‌ను చాపేకర్ సోదరులు కాల్చారు. దాచిన రోగి ఉన్న ఇంటి లోపలి నుంచి ఒక అధ్యాయం రాసి చూడు, వీధిలోంచి రాసిన దానికన్నా పదునుగా వస్తుంది.

వైద్యులకు పక్షి ముక్కు ముసుగు తొడిగావు. చూడటానికి బాగుంటుంది, కానీ అది 17వ శతాబ్దపు వేషం. బల్లేలు, కత్తుల కాలానికి అతకదు. నీ రాజ్యం కల్పితం కాబట్టి ఉంచుకుంటానంటే ఉంచుకో, కారణం మాత్రం చెప్పు. గాలి చెడిపోయి రోగం వస్తుందని వాళ్ల నమ్మకం, ముక్కులో సుగంధద్రవ్యాలు కూరుకునేవాళ్లు. 1348లో పారిస్ వైద్య పండితులు 1345 నాటి గ్రహకూటమిని కారణంగా చూపించారు. పోపు రెండు పెద్ద మంటల మధ్య కూర్చున్నాడు, బతికాడు. వేడికి ఎలుకలూ పురుగులూ దగ్గరికి రావు. సిద్ధాంతం తప్పు, ఫలితం ఒప్పు. నీ రాజవైద్యుడికి ఇలాంటి తప్పుడు సిద్ధాంతం ఒకటి ఇవ్వు, అందులో పావు వంతు పని చేయనివ్వు. పూర్తి మూర్ఖుడైతే వాదనలో రుచి ఉండదు.

మంత్రవైద్యం ఉన్న రాజ్యమన్నావు. అలాంటప్పుడు రోగం భయపెట్టాలంటే మంత్రానికి హద్దు ఉండాలి. పన్నెండు మంది మంత్రవైద్యులు, ఒక్కొక్కరు రోజుకు ముగ్గురిని బతికిస్తారు, మొత్తం 36. ఆ రోజున కొత్త రోగులు మూడు వందల పైన. ఆ 36 చీట్లు ఎవరు పంచుతారు? సేనాపతి కొడుక్కా, రొట్టెలు కాల్చేవాడికా? పన్నెండు మందిలో ఇద్దరు పోతే చీట్లు 30. పదహారో అధ్యాయంలో కొండ మీద మూలిక దొరికి అందరూ బాగుపడటం మాత్రం తీసేయ్. దొరికినా ఎన్ని బుట్టలు దొరుకుతుంది, ఎన్ని రోజుల్లో వాడిపోతుంది, అది చెప్పు.

తగ్గాక ఏమవుతుందో నువ్వు అసలు రాయలేదు. ఇంగ్లండులో కోత కోసేవాళ్లు లేక పంట పొలాల్లోనే పాడయింది. నలభై షిల్లింగుల గుర్రం ఆరు షిల్లింగుల ఎనిమిది పెన్నీలకు అమ్ముడైందని ఆ కాలపు చరిత్రకారుడు నైటన్ రాశాడు. మిగిలిన కూలీలు ఎక్కువ అడిగారు. రాజు 1349లో ఆజ్ఞ, 1351లో చట్టం తెచ్చి పాత కూలికే పని చెయ్యాలన్నాడు. పూజారుల కొరత ఎంతగా వచ్చిందంటే, 1349 జనవరిలో బాత్ అండ్ వెల్స్ బిషప్పు, పూజారి దొరక్కపోతే మామూలు మనిషి దగ్గరైనా, ఆడమనిషి దగ్గరైనా చివరి పాపనివేదన చేసుకోవచ్చన్నాడు. నీ నాయికకు అంతవరకూ దొరకని పదవి ఒకటి ఇలా దొరకవచ్చు. ఇటలీలోని సియెనాలో పెంచి కట్టాలనుకున్న మహా ప్రార్థనాలయం 1348లో ఆగిపోయింది, మొండిగోడలు ఇప్పటికీ ఉన్నాయి. రోగం మళ్లీ 1361లో వచ్చింది, అప్పుడు పిల్లలు ఎక్కువగా పోయారు. రెండో భాగం రాస్తానన్నావుగా, దాని పునాది ఇదే.

నాలుగో అధ్యాయం ఇప్పుడే మొదలుపెట్టకు. ఒక పెద్ద కాగితం మీద సున్నా రోజు నుంచి నూట ఎనభయ్యో రోజు దాకా గళ్లు గీసి, ప్రతి గడిలో నాలుగే సంగతులు రాయి: ఆ రోజు చావులు, గాదెలో మిగిలిన ధాన్యం, కట్టెల ధర, నాయిక ఎక్కడుంది. ఆ కాగితం పంపు. నీ రాజ్యంలో కోతలు ఏ నెలలో వస్తాయో కూడా రాయి. రోజుకు 200 చావులు కోతల్లో పడితే ఒక కథ, నాట్లలో పడితే ఇంకో కథ.

ఆశీస్సులతో,
మీ మాస్టారు