అమ్మను కిందికి దిగొద్దన్నారు కదా!

"నా వయసు 41. మాది శ్రీకాకుళం జిల్లా టెక్కలి దగ్గర పల్లె. నాలుగేళ్ల క్రితం మియాపూర్‌లో ఫ్లాట్ కొనుక్కుని వచ్చాం. మా అపార్ట్‌మెంట్‌లో ఆడవాళ్లంతా ఒక జట్టు. శుక్రవారం లలితా పారాయణం, నెలకోసారి కిట్టీ పార్టీ. మొదట్లో నన్నూ పిలిచేవారు. ఓసారి మాటల్లో 'ఏటి' అన్నానని నవ్వారు. అప్పట్నుంచి ఒకావిడ లిఫ్ట్‌లో కనబడితే చాలు, 'ఏటమ్మా, బాగున్నావేటి?' అని సాగదీస్తుంది. కార్తీకమాసంలో అందరూ వనభోజనాలకి వెళ్లారు, ఒకే రంగు చీరలు కట్టుకుని. ఫొటోలు చూస్తేగానీ నాకు తెలీలేదు. నన్ను వదిలేసి వేరే వాట్సాప్ గ్రూపు పెట్టుకున్నారట. మా ఆయనకి చెబితే 'వాళ్లతో నీకేం పని' అంటారు. పగలంతా ఒక్కదాన్నే. మధ్యలో మా అమ్మ వచ్చింది. ఆవిడ కింద వాచ్‌మన్ భార్య పక్కన కూర్చుని గట్టిగా కబుర్లు చెబుతుంటే నలుగురూ చూస్తారని, కిందికి దిగొద్దన్నాను. మూణ్ణెల్లు ఉంటానన్న మనిషి 18 రోజులకే వెళ్లిపోయింది. మా పాప కూడా ఈ మధ్య నా మాటలు సరిదిద్దుతోంది. వాళ్లు నన్ను మళ్లీ కలుపుకోవాలంటే నేనేం చెయ్యాలి? ఫ్లాట్ అమ్మేసి వేరే చోటికి వెళ్లిపోదామా?"
– ఓ సోదరి, హైదరాబాద్

ఫ్లాట్ అమ్మకండి. ఆ రెండో గ్రూపులో ఎలా చేరాలో నాకు తెలీదు, తెలిసినా చెప్పను. మీరు అడిగినవాటికి జవాబులు అయిపోయాయి. ఇక మీరు అడగనిదాని గురించి మాట్లాడుకుందాం.

మీ బాధ చిన్నదని మాత్రం అనను. కిప్లింగ్ విలియమ్స్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఓసారి తన కుక్కతో పార్కులో కూర్చుని ఉంటే, ఎవరో ఇద్దరు ఆడుకుంటున్న ఫ్రిస్‌బీ వచ్చి ఆయన దగ్గర పడిందట. తిరిగి విసిరారు. వాళ్లు మళ్లీ ఆయనకే విసిరారు. కాసేపు ముగ్గురూ ఆడాక, చెప్పాపెట్టకుండా ఆ ఇద్దరూ ఆయనకి విసరడం మానేశారు. వాళ్లెవరో తెలీదు, మళ్లీ కనబడేవాళ్లూ కాదు. అయినా మనసు చివుక్కుమంది. ఎందుకిలా అని ఆయన ఏళ్లపాటు పరిశోధనలు చేశారు. కంప్యూటర్లో బంతి విసురుకునే ఒక ఆట తయారుచేసి ఆడిస్తే, అవతల మనుషులు లేరు, ఆడేది కంప్యూటరే అని ముందే చెప్పినా, బంతి తమవైపు రాకపోతే జనం నొచ్చుకున్నారు. మరి రోజూ లిఫ్ట్‌లో ఎదురయ్యే పదిమంది మిమ్మల్ని పక్కన పెడితే నొప్పి పుట్టదా? మీవారికి ఆఫీసుంది, కలిసి టీ తాగడానికి నలుగురున్నారు. 'నీకేం పని' అనడం ఆయనకి తేలికే. ఆయన్ని వదిలేద్దాం.

నేను ఆగిపోయింది మీ అమ్మగారి దగ్గర. ఉత్తరంలో ఆ ఆడవాళ్లకి ఇచ్చినంత చోటు ఆవిడకివ్వలేదు మీరు.

ఒక్కసారి ఆవిడ వైపు నుంచి చూడండి. టెక్కలి పక్కన పల్లె నుంచి వచ్చిన పెద్దావిడ. పదో అంతస్తో, పన్నెండో అంతస్తో, తలుపేసుకుంటే పక్కవాళ్ల ఊపిరి కూడా వినబడదు. ఆవిడ ఏం చేసింది? లిఫ్ట్ నొక్కడం నేర్చుకుంది, కిందికి దిగింది, మాట్లాడే మనిషిని వెతుక్కుంది. ఆ వాచ్‌మన్ కుటుంబం ఎక్కడివాళ్లో మీరు రాయలేదు. తెలుసుకున్నారో లేదో కూడా నాకు అనుమానమే. హైదరాబాద్‌లో అపార్ట్‌మెంట్లు కట్టినవాళ్లలోనూ, వాటికి కాపలా ఉన్నవాళ్లలోనూ మీ జిల్లావాళ్లు, విజయనగరం వాళ్లు ఎంతోమంది. మీ అమ్మగారికి ఆ సంగతి మొదటి రోజే తెలిసిపోయి ఉంటుంది. మీరు నాలుగేళ్లుగా వెతుకుతున్నది ఆవిడకి 18 రోజుల్లో దొరికింది. మీరు అది లాగేసుకున్నారు.

తప్పుగా అనుకోకండి, తల్లీ. వాళ్లు మిమ్మల్ని ఏ కారణానికి బయట పెట్టారో, మీరు మీ అమ్మని సరిగ్గా అదే కారణానికి లోపల పెట్టారు. వాళ్లు కనీసం పైకి నవ్వారు. ఆవిడ మీ మీద నవ్వలేదు, ఎదురు చెప్పలేదు, సంచీ సర్దుకుని వెళ్లిపోయింది. ఇంతకీ ఎందుకు వెళ్లిపోయిందో అడిగారా? 'ఇక్కడ గాలి పడటం లేదు' అని ఉంటుంది. అమ్మలు అలాగే చెబుతారు.

ఇంత కటువుగా ఎందుకంటున్నానో కూడా చెబుతాను. నేను హాస్టల్లో చదువుకునేటప్పుడు మా నాన్న పంచె కట్టుకుని, వేరుశెనగ ఉండల డబ్బా పట్టుకుని వచ్చారు. నా రూమ్మేట్లు చూస్తారని గేటు దగ్గరే మాట్లాడి పంపించేశాను. కనీసం మంచినీళ్లు ఇవ్వలేదు. ఉండలు మాత్రం రూమ్‌లో అందరికీ పంచాను, బాగున్నాయన్నారు. నాన్న దాని గురించి ఎప్పుడూ ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. ఇప్పుడు ఎత్తుదామంటే ఆయన లేరు. మీ అమ్మగారు ఉన్నారు.

ఇక ఆ 'ఏటి' సంగతి. మన సినిమాల్లో మీ యాసని చాలాకాలం ఎక్కువగా పనివాళ్ల పాత్రలకీ, నవ్వించే పాత్రలకే వాడుకున్నారు. మొన్నమొన్నటిదాకా తెలంగాణ యాసదీ ఇదే గతి, రౌడీ మాట్లాడాలి లేదా కమెడియన్ మాట్లాడాలి. ఇప్పుడు హీరోలే మాట్లాడుతున్నారు, అందరూ చప్పట్లు కొడుతున్నారు. అంటే తేడా భాషలో లేదు, మాట్లాడేవాడు నడుం నిటారుగా పెట్టి నిలబడటంలో ఉంది. మీ అపార్ట్‌మెంట్‌లో ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం చేస్తారా? ఆరోజు ఎవరి పుట్టినరోజో ఆ లిఫ్ట్ ఆవిడని అడగండి. గిడుగు రామమూర్తి గారు. 1863లో మీ శ్రీకాకుళం దగ్గర పర్వతాలపేటలో పుట్టారు. పర్లాకిమిడిలో పంతులుగా ఉంటూ సవర గిరిజనుల భాష నేర్చుకుని దానికి నిఘంటువు, వ్యాకరణం రాశారు. జనం మాట్లాడే తెలుగులోనే చదువులూ రాతలూ ఉండాలని పండితులతో ఏళ్ల తరబడి పోట్లాడారు. ఆ పోట్లాట లేకపోతే ఆవిడ వాట్సాప్‌లో పెట్టే గుడ్ మార్నింగ్ సందేశం కూడా గ్రాంథికంలో ఉండేదేమో.

ఈసారి లిఫ్ట్‌లో 'బాగున్నావేటి' అంటే తల దించుకోకండి. 'బాగానే ఉన్నానమ్మా, మీరు బాగున్నారేటి?' అని మీ పలుకులోనే, మొహంలోకి చూస్తూ తిరిగి అడగండి. అంతకుమించి గొడవ వద్దు. వెక్కిరింతకి ఉక్రోషం కావాలి, అది దొరక్కపోతే ఎక్కువ రోజులు సాగదు. సాగితే సాగనివ్వండి. పారాయణం చేసుకోవాలనుంటే ఇంట్లో చేసుకోండి, అమ్మవారికి గ్రూపు అడ్మిన్ అనుమతి అక్కర్లేదు.

నాకు వీళ్లకన్నా మీ పాప విషయంలోనే టెన్షన్‌గా ఉంది. మీ మాటలు సరిదిద్దడం ఆ పిల్ల ఎక్కడ నేర్చుకుందనుకుంటున్నారు? స్కూల్లో కాదు. ఫోన్‌లో పుట్టింటివాళ్లతో ఒక గొంతుతో, తలుపు తీయగానే ఇంకో గొంతుతో మాట్లాడే అమ్మని చూస్తోంది. అమ్మమ్మని కిందికి వెళ్లొద్దన్న రోజు ఇంట్లోనే ఉండి ఉంటుంది. పదేళ్లు పోయాక తన కాలేజీ ఫంక్షన్‌కి మిమ్మల్ని రావద్దంటే, ఆ పిల్లని తప్పుపట్టే హక్కు మీకుండదు. దాన్ని కూర్చోబెట్టి ఉపన్యాసం ఇవ్వొద్దు. 'అమ్మమ్మ విషయంలో నేను తప్పు చేశాను' అని దానికి వినబడేలా ఒప్పుకోండి, చాలు.

అమ్మగారికి ఫోన్‌లో క్షమాపణ చెప్పకండి. 'ఊరుకోవే' అనేసి పెట్టేస్తారు. సెలవులు చూసుకుని పాపతో కలిసి మీరే వెళ్లండి, నాలుగు రోజులుండండి. వచ్చేటప్పుడు మీతో తీసుకురండి. చోడిపిండి, అదే రాగిపిండి, తెస్తానంటే వద్దనకండి, ఎక్కువే తెమ్మనండి, వాచ్‌మన్ ఇంటికీ కావాలి కదా. సాయంత్రం ఆవిడతో పాటు మీరూ కిందికి దిగి, ఆ గట్టు మీదే కూర్చోండి. ఎవరైనా ఎవరని అడిగితే, 'మా అమ్మ' అని చెప్పండి, అడక్కపోయినా చెప్పండి. ఆ వాచ్‌మన్ భార్య పేరేంటో కూడా అప్పుడైనా తెలుసుకోండి.

ఫలక్‌నుమాకో, విశాఖ ఎక్స్‌ప్రెస్‌కో తిరుగు టికెట్లు ఇప్పుడే తీసుకోండి. పండగ దగ్గరికొస్తే ఆ రైళ్లలో చోటు దొరకదు. ఆవిడకి లోయర్ బెర్త్ చూడండి.