ఎండోస్కోపీలో జీర్ణాశయం పైపొర కింద గడ్డ కనిపించింది, బయాప్సీ నార్మల్. ఇక వదిలేయొచ్చా?

వదిలేయకండి, అలాగని టెన్షన్ పడాల్సిన పనీ లేదు. మామూలు బయాప్సీలో తీసేది పైపొర ముక్క మాత్రమే. గడ్డ దాని అడుగున ఉంటే రిపోర్ట్ నార్మల్ అని రావడంలో వింతేమీ లేదు.

సంగతి తేల్చేది ఎండోస్కోపిక్ అల్ట్రాసౌండ్, అంటే ఎండోస్కోపీ గొట్టంతోనే లోపలి నుంచి చేసే స్కాన్. ఇందులో జీర్ణాశయం గోడ ఐదు పొరలుగా కనిపిస్తుంది. గడ్డ ఏ పొరలో పుట్టిందన్నదే సగం జవాబు. మూడో పొరలో తెల్లగా మెరిస్తే దాదాపుగా కొవ్వు గడ్డే, దాని జోలికి పోనక్కర్లేదు. నాలుగోది, అంటే కండరం పొరలో నల్లగా కనిపిస్తే ఆలోచించాలి. అన్నవాహికలో అయితే అది ఎక్కువగా లియోమయోమా అనే కండరపు గడ్డ, హాని చేయనిది. జీర్ణాశయంలో అయితే ముందు జిస్ట్‌ను (GIST, జీర్ణవాహిక గోడలో పుట్టే ఒక రకం గడ్డ) అనుమానించాలి. దానికి క్యాన్సర్‌గా ముదిరే గుణం ఉంది. సందేహముంటే అల్ట్రాసౌండ్‌లో చూస్తూనే సూదితో ముక్క తీస్తారు. (ఒక్కోసారి గడ్డే ఉండదు, పక్కనున్న ప్లీహం నొక్కడం వల్ల ఉబ్బినట్టు కనిపిస్తుందంతే.)

2 సెంటీమీటర్ల లోపు ఉండి, అంచులు నున్నగా ఉండి, ఇబ్బందేమీ లేకపోతే మొదట 3–6 నెలలకు, తర్వాత ఏడాదికో రెండేళ్లకో చూస్తూ ఉంటారు. అంతకు మించిన జిస్ట్‌ను తీసేయడమే మంచిది. ఇది సాధారణంగా లింఫ్ గ్రంథులకు పాకదు కాబట్టి జీర్ణాశయంలో ఆ మేరకు కోసి తీస్తే సరిపోతుంది, చాలావరకు లాప్రోస్కోపీతోనే. తీసేశాక మళ్లీ వచ్చే ముప్పు ఎక్కువని తేలితే జన్యు పరీక్ష చూసి ఇమాటినిబ్ మాత్రలు, మామూలుగా రోజుకు 400 మిల్లీగ్రాములు, మూడేళ్లు ఇస్తారు. మలం నల్లగా వచ్చినా, రక్తం తగ్గినా సైజుతో పని లేదు, వెంటనే గ్యాస్ట్రో డాక్టర్‌ను కలవండి.