ఎండ, కరువు అడవి పక్షులను లోపల ఎలా మారుస్తాయి?

ఎండ, కరువు వంటి ఒత్తిళ్లు అడవి పక్షుల శరీరం మీద, నడవడి మీద ఎలా పనిచేస్తాయన్నది ప్రశ్న. జవాబు మూత్రపిండాలను ఆనుకుని ఉండే అడ్రినల్ గ్రంథుల దగ్గర మొదలవుతుంది. ప్రమాదం ఎదురైన కొద్ది నిమిషాల్లోనే వాటి నుంచి వెలువడే కార్టికోస్టెరోన్ అనే హార్మోను రక్తంలో పెరుగుతుంది. అందుకే పరిశోధకులు వలలో పడిన పక్షి నుంచి సాధారణంగా 3 నిమిషాల లోపే రక్తం తీస్తారు, ఆలస్యమైతే పట్టుబడ్డ బెదురు కూడా లెక్కలో కలిసిపోతుంది. ఈ పెరుగుదల కొద్దిసేపే అయితే మేలే: నిల్వ ఉన్న శక్తిని అందుబాటులోకి తెచ్చి, పక్షిని మేత వెతకడానికి పురిగొల్పుతుంది. రోజుల తరబడి తగ్గకపోతే మాత్రం రోగనిరోధక శక్తి సన్నగిల్లుతుంది, సంతానోత్పత్తి మందగిస్తుంది, కొన్ని జంటలు గుడ్లను వదిలేసి వెళ్లిపోతాయి కూడా.

వేడి ప్రభావం కంటికే కనిపిస్తుంది. పక్షులకు స్వేద గ్రంథులు లేవు. పైగా వాటి శరీర ఉష్ణోగ్రత మామూలుగానే 40 డిగ్రీల సెల్సియస్‌కు అటూ ఇటూగా ఉంటుంది. మధ్యాహ్నం కాకి ముక్కు తెరిచి రొప్పుతుంది, గూడబాతు గొంతు సంచిని అదరగొడుతుంది, ఎర్రకాళ్ల కొంగలు తమ రెట్టనే కాళ్ల మీద వేసుకుని (వినడానికి బాగుండదు గానీ, ఉపాయం మంచిదే) ఆ తడి ఆరేటప్పుడు చల్లబడతాయి. చిక్కంతా ఏమిటంటే, నీడన రొప్పుతూ గడిపినంతసేపూ మేత తగ్గుతుంది, ఒంట్లోని నీరూ ఆవిరైపోతుంది.